తొంభై నాలుగు శాతం హైమవతి

మా పక్కింటి సుబ్బాయమ్మ చెప్పిందని మా ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పిన సంగతి ఇది: వీధి చివర మోటారు వైండింగు షాపు వీరాంజనేయులు పెళ్ళాం హైమవతి యూనివర్సిటీలో దొంగతనం చేసి దొరికిపోయిందట. సుబ్బాయమ్మకు ఆ కబురు రేషన్ షాపు దగ్గర తెలిసింది. రేషన్ షాపు దగ్గరి వాళ్ళకు బస్సులో తెలిసింది. బస్సులో వాళ్ళకు ఎలా తెలిసిందో బస్సుకే తెలియాలి.

"ఏం దొంగిలించిందంట?" అన్నాను.

"ఏదో పుస్తకమంట. మూడొందల పేజీలంట."

"ఎవరిదంట?"

మా ఆవిడ గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఆ పిల్లదేనంట. తను రాసుకున్నదే తను దొంగిలించిందంట. సుబ్బాయమ్మకీ అర్థంగాక రెండుసార్లు అడిగిందంట. రెండుసార్లూ అట్టానే చెప్పారంట."

హైమ మా పెదనాన్న మనవరాలు. నాకు వరసకు కూతురు. ఊరికి పది కిలోమీటర్ల దూరాన హైవే మీదున్న ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళుగా తాత్కాలిక లెక్చరరు. కాలేజీవాళ్ళు ఆ ఏడాది ఒక మాట చెప్పేశారు: జూన్ ముప్పయ్యో తేదీలోగా డాక్టరేటు పట్టా తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తాం, తేలేకపోతే జులై ఒకటి నుంచి రావద్దు. పట్టా కోసం ఆ పిల్ల ఎనిమిదేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అని దాని పేరు. ఊళ్ళో ఎవరైనా "ఏం చదువుతుంది మీ పిల్ల" అని అడిగితే నేను "కంప్యూటరు" అని ఊరుకునేవాణ్ణి.

కబురు విన్న సాయంత్రమే షాపుకు వెళ్ళాను. వీరాంజనేయులు కింద కూర్చుని ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు పొట్ట విప్పి కాలిన రాగి తీగ లాగుతున్నాడు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి, బోర్లన్నీ ఎండుతున్నాయి, షాపు నిండా మోటార్లే. హైమ స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది.

"అసలు నువ్వు కనిపెట్టిందేందో నాకు చెప్పమ్మా. దొంగ సొత్తేందో తెలీకుండా ఎట్టా వెనకేసుకురావాలి నిన్ను?" అన్నాను.

హైమ నవ్వింది. "బాబాయ్, నీ బోరు మోటారు లోపల ఎన్ని చుట్లున్నాయో తెలుసా?"

"నాకెందుకు?"

"అదే. నీకు స్విచ్చి తెలిస్తే చాలు, లోపలి సంగతి లోపలుంటది. ప్రోగ్రాముని కూడా అట్టాంటి ముక్కలుగా కట్టాలి. ఒకసారి బాగా చేసిన ముక్కని పదిచోట్ల వాడుకోవాలి గాని, పదిచోట్లా మళ్ళీ మొదట్నించీ రాయగూడదు. రాసినప్పుడల్లా కొత్త తప్పులు పుడతాయి."

"ఈ మాట నేను పెళ్ళిచూపుల నాడే చెప్పా మామా," అన్నాడు వీరాంజనేయులు తల ఎత్తకుండా. "నిరూపించటానికి తనకి ఎనిమిదేళ్ళు బట్టింది."

నిరూపించిన తీరు మాత్రం తేలికైనది కాదు. మా చుట్టుపక్కల నలభై మూడు ఊళ్ళ పాల కేంద్రాల్లో కంప్యూటర్లున్నాయి. కొన్నిటిలో ప్రోగ్రాము ఎక్కడికక్కడ కొత్తగా రాయించుకున్నారు. కొన్నిటిలో ఒకచోట కుదిరిన ముక్కలనే తెచ్చి వాడుకున్నారు. హైమ ఆ నలభై మూడూ తిరిగి, ఒక్కో ప్రోగ్రామును లైను లైనూ పరీక్షించి తప్పులు లెక్కపెట్టింది. కొత్తగా రాసినవాటిలో వెయ్యి లైన్లకు పదకొండు తప్పులు. వాడుకున్న ముక్కల్లో రెండు. పదకొండు, రెండు. ఎనిమిదేళ్ళ చాకిరీ ఈ రెండు అంకెల్లో ఉంది.

"ఇంతకీ దొంగతనం ఎక్కడ జరిగింది?"

"సిద్ధాంత గ్రంథం తీసుకోవాలంటే, అందులో సంగతి ముందే మూడు పత్రికల్లో అచ్చు కావాలన్నారు బాబాయ్. అచ్చేయించా. ఇప్పుడు గ్రంథం ఇస్తే, ఇది ఆ మూడు పత్రికల్లో ఉన్నట్టే ఉందంటున్నారు."

"ఉండదా మరి?"

"ఉండకూడదంట."

వీరాంజనేయులుకు మోటార్ల తొందర. అందుకని మర్నాడు బస్సులో హైమ వెంట నేను వెళ్ళాను.

ఆ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారు అంతకు ముందు ఏదో దూరదేశంలో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, మౌలికత అనే పదం నేర్చుకుని వచ్చారు. వచ్చిన వారానికే మౌలికతా పరిరక్షణ కేంద్రం వెలిసింది. ఏ కాగితమైనా, అంతకు ముందున్న ఏ కాగితంతోనైనా పది శాతానికి మించి కలిస్తే అది చెల్లదని ఉత్తర్వు. శాతం చెప్పడానికి ఒక కంప్యూటరు. కంప్యూటరు చెప్పింది చదివి వినిపించడానికి ఒక సంచాలకులు, ఆచార్య కులశేఖరరావు గారు. కేంద్రానికి రెండు గదులున్నాయి. మొదటి గది తలుపుకు బోర్డు ఉంది. రెండోదానికి లేదు. ఒకే బోర్డు రెండు తలుపులకు పెడితే రెండోది నకలు అవుతుందట.

కులశేఖరరావు గారు నివేదిక తీసి కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"అమ్మా, తమరి సిద్ధాంత గ్రంథము హైమవతి అను వ్యక్తి రచనలతో తొంభై నాలుగు శాతం సారూప్యము కలిగియున్నట్లు యంత్రము ధ్రువీకరించినది."

"ఆ హైమవతి నేనే సార్."

"కావచ్చును. అయితే తమరు హైమవతి అయినంత మాత్రమున హైమవతి నుండి గ్రహించు హక్కు తమరికి సంక్రమించదు."

"ఆమెకేం అభ్యంతరం లేదు సార్."

"లిఖితపూర్వకముగా ఉన్నదా?"

హైమ నా వంక చూసింది. తర్వాత సంచిలోంచి తెల్లకాగితం తీసి, హైమవతి అను నేను, హైమవతి నా రచనలు వాడుకొనుటకు మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నానని రాసి, సంతకం చేసి ఇచ్చింది. సంచాలకులు ఆ సంతకాన్నీ గ్రంథం మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ సంతకము ఆ సంతకముతో నూరు శాతం కలియుచున్నది," అన్నారు విచారంగా. "దీనిని రెండవ అతిక్రమణగా నమోదు చేయవలసి వచ్చుచున్నందుకు చింతిస్తున్నాను."

"అసలు నేను ఏం చేసుండాల్సింది సార్?"

"ముందుగా ప్రచురించకుండా ఉండవలసినది."

"ప్రచురించకపోతే గ్రంథం తీసుకోరు గదా?"

"అది పరిశోధనా విభాగము వారి నిబంధన. మా పరిధి కాదు."

అక్కణ్ణించి హైమకు మార్గదర్శకులైన ఆచార్య సోమయాజులు గారి గదికి వెళ్ళాం. ఆయన పదవీ విరమణకు ఎనిమిది నెలలుంది. మంచివాడు. ఎదుటివాడు ఏం చెప్పినా ముందు సగం ఒప్పుకునేవాడు. తను వయసులో ఉండగా ఒకే పరిశోధనా పత్రాన్ని పదకొండు ఊళ్ళ సభల్లో చదివి, పదకొండు శాలువాలు తెచ్చుకున్నారట. ఆ రోజుల్లో దాన్ని కృషి అనేవారు.

"మనవాళ్ళందరూ చేసేదే నువ్వూ చెయ్యమ్మా," అన్నారు. "గేటు బయట మస్తాను జిరాక్సు షాపుంది. అక్కడికెళ్ళు."

మస్తాను షాపు ముందు 'జిరాక్సు, లామినేషను, శాతం తగ్గించబడును' అని రాసి ఉంది. బల్ల ముందు ఇద్దరు లెక్చరర్లూ ఒక ప్రిన్సిపాలూ వరసలో ఉన్నారు.

"ఎంతకి దించమంటారు మేడం?" అన్నాడు మస్తాను.

"పదిలోపు."

"తొమ్మిదికి దించుతా. అర్థం ఉండాల్నా?"

"ఉండాలి."

"అర్థంతో సహానా? అయితే ఇంకో వారం పట్టిద్ది. ఎవరూ అడగరు మేడం మామూలుగా."

అర్థంతో సహా అని చెప్పి వచ్చాం. మస్తాను మాట మీద నిలబడి రెండు వారాల్లో ఇచ్చాడు. అతని దగ్గర ఒక ప్రోగ్రాము ఉంది. అది ఉన్న మాట తీసి దాని చుట్టాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది. ఇంగ్లీషులో ఏముందో నాకొచ్చినంతలో తెలుగు చేసి చెబుతాను. పాల కేంద్రం పోయి 'శ్వేత ద్రవ నాభి' వచ్చింది. గేదె 'నల్లని చతుష్పాద మహిళ' అయింది. వెన్న శాతం చూసే యంత్రం 'స్థూలకాయమును అనుమానించు పరికరం' అయింది. "ఉదయం ఆరు గంటలకు రైతులు పాలు పోస్తారు" అన్న వాక్యం "వ్యవసాయ పురుషులు ప్రభాత షట్కమున తెలుపును వర్షించెదరు" అని మారింది.

హైమ ఎర్ర పెన్ను తీసుకుని షాపులో మోటార్ల మధ్య కూర్చుని మూడు రోజులు తప్పులు లెక్కపెట్టింది.

"వెయ్యి లైన్లకి నాలుగొందల పన్నెండు బాబాయ్," అంది చివరికి. "సరిగ్గా ఉన్నదాన్ని మళ్ళీ రాస్తే ఏమవుద్దో ఇంతకన్నా గట్టిగా ఎవరూ నిరూపించలేరు. దీన్నే ఇంకో అధ్యాయంగా పెట్టాలి."

"పెట్టు," అన్నాడు వీరాంజనేయులు. "ఆ నల్లని మహిళ సంగతి మా అమ్మకి మాత్రం చెప్పబాక. మా గేదెకి పేరు పెట్టుద్ది."

నవ్వారు గాని, పిల్ల మొహం వాడిపోయి ఉంది. అప్పటికి మార్చి నెల సగమైంది. మస్తాను ప్రతిని పక్కన పడేసి, తనే కూర్చుని మూడొందల పేజీలూ ఇంకో విధంగా రాసింది. చెప్పిన విషయమే, వేరే దారిలో. కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి, పిల్లవాడికి అన్నం పెట్టి, మళ్ళీ రాసేది. చేతివేళ్ళకు గుడ్డ చుట్టుకుని రాసేది.

ఈలోగా విశ్వవిద్యాలయంలో మౌలికత బాగా ఏపుగా పెరిగింది. పరిశోధనల నుంచి సెలవు చీటీలకు పాకింది. జ్వరం అప్పటికే భౌతికశాస్త్రం వాళ్ళు వాడేశారు కాబట్టి మిగతా శాఖలకు జ్వరం రాకూడదన్నారు. ఆర్థికశాస్త్రంలో ఒకాయనకు నిజంగానే జ్వరమొస్తే, మోకాలి లోపల అపశ్రుతి అని రాసి సెలవు తీసుకున్నాడు. హాజరు పిలిచేటప్పుడు మొదటి కుర్రాడు "ఎస్ సార్" అన్నాక రెండోవాడు ఇంకో మాట వెతుక్కోవాలి. అరవయ్యో నంబరు వాడి వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. పరీక్షల్లో పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాసినవాళ్ళందరూ తప్పారు. ఉన్నదానికి సంబంధం లేకుండా రాసినవాళ్ళు మొదటి తరగతిలో పాసయ్యారు. వాళ్ళ తల్లిదండ్రులు ఈ సంస్కరణను హర్షించారు.

ఏప్రిల్‌లో స్నాతకోత్సవం జరిగింది. ఒక అభ్యర్థికి సున్నా శాతం వచ్చినందుకు బంగారు పతకం ఇచ్చారు. అంతకు ముందు లోకంలో ఎవరైనా రాసిన వాక్యం ఒక్కటి కూడా లేకుండా రాశాడట. ఆ గ్రంథాన్ని ఐదుగురు పరీక్షకులు చదివి, ఐదుగురూ అద్భుతమన్నారు. దేని గురించి అని మాత్రం ఎవరూ చెప్పలేదు. పతకం పుచ్చుకున్నవాణ్ణి విలేకరి అడిగితే, గ్రంథమే మాట్లాడుతుందని చెప్పి మెట్లు దిగిపోయాడు.

హైమ కొత్త ప్రతిని తీసుకుని మేము మళ్ళీ కేంద్రానికి వెళ్ళాం. కులశేఖరరావు గారు ఈసారి మర్యాదగా కూర్చోమన్నారు.

"ప్రశంసనీయము. తొంభై నాలుగు నుండి పదమూడున్నరకు అవరోహించినారు. ఇక మూడున్నర శాతమే అవరోధము."

"ఆ మిగిలింది ఏంది సార్? మాటలన్నీ మార్చాను."

"పట్టికలమ్మా. నలభై మూడు పట్టికలు. తమరి పాత పత్రములలోని అంకెలే ఇందులోనూ అక్షరాలా ఉన్నవి. పదకొండు అన్నచోట పదకొండు. రెండు అన్నచోట రెండు."

"అంకెలకి వేరే మాటలు ఉండవు సార్."

"వేరే అంకెలు ఉన్నవి కదా."

హైమకు వెంటనే అర్థం కాలేదు. నాకూ కాలేదు. సంచాలకులు ఓపికగా వివరించారు. "పదకొండుకు బదులు తొమ్మిది వేయవచ్చును. రెండుకు బదులు నాలుగు. తమరి సిద్ధాంతమునకు హాని లేదు. తొమ్మిది కన్న నాలుగు తక్కువయే."

"అది అబద్ధం గదా సార్."

"అబద్ధములను పరిశీలించునది మా విభాగము కాదు," అన్నారాయన. "మాది మౌలికత. నా అనుభవములో, అబద్ధమునందు మౌలికత ఎప్పుడును ఎక్కువే. నిజముతో వచ్చు చిక్కేమనగా, అది వెనుకటి నిజముతో కలియుచుండును."

నేను ఆ మనిషి మొహంలోకి చూశాను. వేళాకోళం ఎక్కడా లేదు. బీమా ఏజెంటు పాలసీ వివరాలు చెప్పినట్టు చెప్పాడు.

మాకు సాయంగా వచ్చిన సోమయాజులు గారు మధ్యేమార్గం వెతికారు. "మళ్ళీ కొలిచి వస్తుందిలెండి. ఈసారి వేరేవి రావచ్చు."

"శుభము. పునఃపరిశీలన జరిపి భిన్న ఫలితములు సాధించుకుని రాగలరు," అని సంచాలకులు గడువు రాసిచ్చారు. గడువు జూన్ ముప్పై. కాలేజీవాళ్ళ గడువూ అదే.

ఆ రెండు నెలలూ హైమ మళ్ళీ నలభై మూడు ఊళ్ళు తిరిగింది. పాత ప్రోగ్రాముల ప్రతులు పాల కేంద్రాల్లో భద్రంగా ఉన్నాయి. వాటినే మొదటి నుంచీ పరీక్షించాలి. వీరాంజనేయులు పొద్దున్నే బండి మీద దించి, షాపుకు పోయి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి తెచ్చేవాడు. సెలవులే కాబట్టి కాలేజీ అడ్డం లేదు. ఎండలు మాత్రం నలభై నాలుగు దాటాయి. మైలవరం పాల కేంద్రం కార్యదర్శి ఈ పిల్లను చూసి, "మళ్ళీ వచ్చావేందమ్మా, అప్పుడు సరిగ్గా ఎంచలేదా?" అన్నాడట.

"సరిగ్గానే ఎంచా. అదే తప్పయింది," అందట.

జూన్ ఇరవై ఎనిమిదిన లెక్క పూర్తయింది. షాపులో ముగ్గురం కూర్చున్నాం. హైమ చివరి కూడిక రెండుసార్లు చేసి, కాగితం నా చేతిలో పెట్టింది. కొత్తగా రాసినవాటిలో వెయ్యి లైన్లకు పదకొండు. వాడుకున్న ముక్కల్లో రెండు.

వీరాంజనేయులు ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని చూశాడు.

"ఒక్కటైనా తేడా రాలేదంటే, నువ్వు మొదటిసారి ఎంత బాగా ఎంచావో చూడు," అన్నాడు వీరాంజనేయులు. ఆ గొంతులో గర్వం ఉంది, భయమూ ఉంది. తర్వాత చేతులు తుడుచుకుంటూ మెల్లిగా అన్నాడు. "ఇదిగో, రేపు నువ్వు ఆడ ఏం రాసినా నేను ఏమీ అనను. ఉజ్జోగం నీది, లెక్క కూడా నీదే."

ముప్పయ్యో తేదీ ఉదయం పదకొండు గంటలకు సమావేశ మందిరంలో ఐదుగురు సభ్యుల సంఘం కొలువు తీరింది. మధ్యలో కులశేఖరరావు గారు. ఒక చివర సోమయాజులు గారు. బల్ల మీద ఒక నీలం అట్ట ఉంది. అందులో హైమవతి పేరుతో డాక్టరేటు తాత్కాలిక పట్టా. సంతకాలన్నీ అయిపోయాయి, తేదీ ఒక్కటే ఖాళీ. బంధువులను లోపలికి రానిస్తారు కాబట్టి నేనూ వీరాంజనేయులూ వెనక కుర్చీల్లో కూర్చున్నాం.

సంచాలకులు కొత్త పట్టికలు తిరగేశారు. ఒకటి, రెండు, మూడు. తర్వాత కళ్ళద్దాలు తీసేశారు.

"ఇవి పాత అంకెలే."

"కొత్తగా కొలిచిన అంకెలు సార్," అంది హైమ. "పరీక్షించిన తేదీలన్నీ పక్కనే ఉన్నాయి."

"తేదీలు మౌలికముగానే ఉన్నవి. అంకెలే కలియుచున్నవి. పదమూడున్నర శాతము నుండి ఒక్క చుక్క కూడా దిగలేదు."

సంఘంలో ఒకాయన దయగలవాడు. ముందుకు వంగి అన్నాడు: "అమ్మా, మేము మీకు శత్రువులం కాము. ఈ అట్ట చూడండి, అంతా సిద్ధం. పట్టికల్లో కొన్ని అంకెలు మీరే ఇక్కడే, ఈ పెన్నుతోనే మార్చండి. పది నిమిషాల పని. తేదీ వేసి చేతిలో పెట్టేస్తాం. సాయంత్రం మీ కాలేజీలో ఇచ్చుకోవచ్చు."

పెన్ను బల్ల మీద దొర్లుకుంటూ ఆమె ముందుకు వచ్చింది.

"ఒక్కసారికే కదమ్మా," అన్నారు సోమయాజులు గారు బతిమాలుతున్నట్టు. "పదకొండుని పన్నెండు చేస్తే ఎవరు చూస్తారు? ఎవరు చదువుతారు? నేను పదకొండు ఊళ్ళలో వినిపించిన పత్రాన్నే ఇంతవరకు ఎవరూ చదవలేదు."

హైమ పెన్ను తీసుకుంది. వీరాంజనేయులు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె పెన్ను మూత తీసి మొదటి పట్టికను దగ్గరకు లాక్కుంది. పదకొండు అన్న అంకె మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. మైలవరం, తాటిపర్తి, కొండముంజులూరు, వాటి ఎండలూ కళ్ళముందు తిరిగాయేమో నాకు తెలియదు. పెన్ను మూత పెట్టేసి, ఎలా వచ్చిందో అలాగే బల్ల మీదుగా వెనక్కి దొర్లించింది.

కులశేఖరరావు గారికి మొదటిసారి కోపం వచ్చింది.

"మరి రెండు నెలల గడువు దేనికి తీసుకున్నారు? రెండవసారి కూడా ఈ అంకెలే ఎందుకు పట్టుకుని వచ్చారు?"

హైమ కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని లేచి నిలబడింది.

"కొలిస్తే ఇవే వచ్చినయ్ సార్. వేరేవి కావాలంటే కొలవనోళ్ళని అడగండి."